మూడోసారి

ఈ నవంబరు ఓట్లతో చట్టం కోరలు నూరుకుంది:
మూడోసారి దొరికితే సబ్బుబిళ్లకైనా జైలే.

ఫ్రెస్నోలో మందుల షాపు.
షాంపూలకి కూడా గాజు తలుపులు, నగల కొట్టులోలా.
తాళాలగుత్తి ఒఫీలియా నడుముకి.
ఇదివరకు రెండుసార్లూ ఫోన్ చేసింది తనే.
వెండెల్ ఇంటిపేరు స్పెల్లింగుతో సహా నోటికొచ్చు.
తప్పు చేశానని ఎన్నడూ అనుకోలేదు.
దొంగతనాలకి పక్కవీధి బ్రాంచి మూతపడితే
చెల్లెలు ఆర్నెల్లు ఖాళీగా కూర్చుంది మరి.

ఈ రాత్రి అతను బెల్లు నొక్కాడు.
"ఆ రేజర్లు. కొంటాను. రేపు ఇంటర్వ్యూ."
నాణేలు ఒక్కొక్కటే పేర్చాడు.
ముప్పై సెంట్లు తక్కువ.
ప్యాకెట్టు మాత్రం వదల్లేదు.

వెనక వరుస గొణుగుతోంది.
పైన కెమెరా రెప్ప వెయ్యదు.

ఒఫీలియా చెయ్యి జేబులోకి పోయింది.
చిల్లరా అందులోనే,
ఫోనూ అందులోనే.