ఒక్క వేలు

రిమినీ దాటాక, కార్ట్ ట్రాక్ వెనక షెడ్డులో
మా నాన్న ఎర్మెతే పాత డ్రమ్ బ్రేకు విప్పి
బల్ల మీద బోర్లించాడు:
అరిగిన లైనింగులు, చిటికెడు నల్లపొడి.

నివెస్‌కి తొమ్మిదేళ్లు.
పెద్ద డిస్కే కావాలంది, పళ్లెమంత.
బిగించాడు.
మొదటి మలుపులోనే ముందుచక్రం కొయ్యబారింది.
పిల్ల గడ్డిలో.

ఏడవలేదు. మోచెయ్యి చూసుకుని
"మరీ తొందరగా మాట వింటోంది తాతా" అంది.

ఆ రాత్రి చిన్న డిస్కు, మెత్తని ప్యాడ్లు,
ఉక్కుతీగ అల్లిన గొట్టం.
ఇది లీవరు నొక్కుతూ, ఆయన మర వదులుతూ
బ్రేకు ఆయిల్‌లోంచి
ఒక్కో బుడగనీ సాగనంపారు.
ఆఖరిది ఎంతకీ రాదు.
కాలిపర్ని తట్టాడు నాన్న,
పాలు తాగిన బిడ్డకి త్రేనుపు తెప్పించినట్టు.

పొద్దున నివెస్ నొక్కింది
ఒక్క వేలితో, అందరికంటే ఆలస్యంగా.
స్టాప్‌వాచ్ నా చేతిలోనే ఉంది,
నొక్కడం మరిచాను.