హుక్కు మొహం బయటికి

పోర్టు వేలంలో తూకానికి వచ్చాయి,
ఎవరూ విడిపించుకోని కంటెయినరు అడుగున
రెండు గొలుసుల మూటలు, నూనె కాగితంలో.
అట్టపెట్టె మీద బొమ్మ: ఒక గిడ్డ ట్రాక్టరు,
చుట్టూ ఏకిన దూదిలా తెలుపు.
మనిషి మాత్రం లేడు.

"దూది మిల్లేటి?" అన్నాడు కొర్లయ్య.
"మంచురా. మా మరిది మిలట్రీలో తొక్కాడు,"
అంది ఐసు కాంట్రాక్టు కాసులమ్మ.

మాకు తెలిసిన మంచు
మార్గశిరంలో యారాడ కొండ మీది దీపస్తంభాన్ని
కాసేపు దాచి, తొమ్మిదయ్యేసరికి ఇచ్చేసేది.
దానికి బరువు లేదు. దాని మీద చక్రం జారదు.

జారేది ఐసు.
తెల్లారుజామున మూడింటికి ఫిషింగ్ హార్బరులో
మర నమిలి ఉమ్మిన ఐసు,
దాని కింద చేప జిగురు, దాని కింద డీజిలు,
దాని కింద ఎప్పుడో గరుకుగా ఉండిన సిమెంటు ర్యాంపు.
పోయిన మంగళవారం ట్రాలీ అడ్డం తిరిగి
నూకాలు కాలి బొటనవేలు తీసుకుపోయింది.
వేలికి వేలు ఇచ్చింది కాసులమ్మ,
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి.
నూకాలు ఒక్కసారీ లెక్కపెట్టలేదు.

అందుకని కాన్వెంట్ జంక్షన్లో కొట్టు మూసి
సుత్తీ, జాకీ పట్టుకుని నేను.

గోనెపట్టా మీద పరిచాను.
చిక్కు తీయడానికే ఒక బీడీ అయిపోయింది.
వెనక టైరు మీద దుప్పటిలా కప్పి
కొర్లయ్యని సగం చుట్టు ముందుకి పొమ్మన్నాను.
లోపలి కొస మొదట, చెయ్యి దూరని చోట,
చూపు ఆనని చోట, వేళ్ళతో వెతికి తగిలించాలి.
తరవాతే బయటిది.
మొదటిసారి హుక్కు మొహాలు లోపలికి పెట్టాను.
రెండడుగులకే రబ్బరు మీద గోటి గీతలు.
అంతా విప్పి, మళ్ళీ.

"కాలికి గొలుసేస్తే ఏ జంతువైనా నిలబడిపోద్ది.
నువ్వేటి బాబూ, గొలుసేసి నడవమంతన్నావు?"
నవ్వలేదు నేను. నా చేతులు గ్రీజులో ఉన్నాయి.

నిచ్చెన లాంటి గొలుసు అది.
మెట్లన్నీ టైరు గుబ్బల సందుల్లోకి పోయి
పిల్లల్లా దాక్కున్నాయి.
విరిగిన బోటు గొలుసు ముక్కలు కోసి
మెట్టుకీ మెట్టుకీ అడ్డంగా, ఇంటూ గుర్తుల్లా అతికాను.
పొద్దుపోయింది. నిప్పురవ్వలకి
కూడు వదిలేసి చూసింది మేడ మీద పిల్లి.

గాలి కాస్త వదిలి, బిగించి, మళ్ళీ గాలి కొట్టాను.
టైరు ఉబ్బి గొలుసుని తనే ఒంటికి లాక్కుంది.
మిగిలిన వదులుకి పాత సైకిలు ట్యూబు ముక్కలు.
మడ్‌గార్డుకి నాలుగు వేళ్ళ ఎడం
ఉందో లేదో నా చేత్తోనే కొలిచాను,
ఇంకా అయిదూ ఉన్న చెయ్యి.

మూడింటికి స్టార్టు చేశాడు.
అరవై గిన్నెలు ఒకేసారి మెట్ల మీంచి దొర్లినట్టు మోత.
బోట్లలో నిద్రపోయేవాళ్ళు లేచి బూతులు తిట్టారు.
ర్యాంపు సగంలో
ఎవరూ చెప్పకుండానే ఆపాడు కొర్లయ్య.
వెనక టన్నున్నర ఐసు, కింద నల్ల నీళ్ళు,
పక్కన కట్టు కట్టిన కాలితో, చంకలో కర్రతో నూకాలు.
ట్రాలీ ఊగింది. ఊగి, ఆగింది.
నూకాలు చూసింది బండిని కాదు,
నేల మీద పడ్డ ఐసు పొడిలో
గొలుసు కొరికిన గుర్తుల్ని.
"ఇది ముందే ఎయ్యాల్సింది," అంది.
అందరం విన్నాం. కాసులమ్మ ఫోను తీసి
ఎవరికో చేస్తున్నట్టు అటు తిరిగింది.

పది గజాలు పోయాక మళ్ళీ బిగించాలి.
లేకపోతే వదులైన కొస మడ్‌గార్డుని చీలుస్తుంది.
దిగాను. కరుగుతున్న ఐసులో మోకాళ్ళు ఆనించి
చక్రం వెనక తల దూర్చాను.
లుంగీ తడిసి తొడల దాకా చలి.
వేళ్ళు మొద్దుబారి హుక్కు దొరకలేదు చాలాసేపు.

ఆ పెట్టె మీది బొమ్మలో
మనిషి లేడనుకున్నాను.
ఇక్కడే ఉండుంటాడు.