వచ్చినవా

నక్రేకల్ నిమ్మకాయల మార్కెట్ల
మూడో లారీ నింపుతున్నప్పుడు ఫోనొచ్చింది.
"ముత్యాలు నాయినేనా? ఒకసారి బడికి రండి."
జరమొచ్చిందేమో అనుకున్న.
బస్తా దించి, చేతులు గోనెకు తుడుసుకొని
ఎక్సెల్ బండి మీద ఉరికిన.

పెద్దసారు గదిల ఒక కుర్చీల నసీమ టీచరు,
ఇంకోదాంట్ల నువ్వు, నేల చూసుకుంట.
బల్ల మీద ఒక కాయితం.
"మీవోడు..." అన్నడు పెద్దసారు.
ఆగి, కండ్లద్దాలు తీసి,
"మీ పిల్ల..." అని మళ్ల ఆగిండు.
ముప్పై ఏండ్లు తెలుగు చెప్పిన మనిషికి
వాక్యం కుదరకపోవుడు అప్పుడే చూసిన.

నాలుగు నెలల కింద నువ్వే చెప్పినవట,
ల్యాబుల, అందరు పోయినంక.
టీచరు ఎవ్వలకు చెప్పలే.
నాకసలే చెప్పలే.

లేచిన. కుర్చీ ఎన్కకు పడ్డది.
"పెన్ను పోతే ఫోన్ చేస్తరు,
లెక్కలల్ల తొమ్మిది మార్కులొస్తే ఫోన్ చేస్తరు,
గుండీ ఊడితే డైరీల రాస్తరు.
నా ఇంటి ముచ్చట
నాకంటే ముందు మీకెందుకు తెల్వాలె?
కన్నది మేమా, మీరా?"

టీచరు గొంతు పెంచలే.
"ఇంట్ల చెప్పొద్దని బతిమిలాడింది, అన్నా. భయపడ్డది."
ఆ 'ది' ఆమెకు ఎంత అలవాటుగ వచ్చింది!
"దేనికి భయం?" అన్న.
ఆమె నా చేతుల దిక్కు చూసింది.

బస్తాలు మోసే చేతులు.
ఒక్కసారే. బోనాలప్పుడు,
మీ అమ్మ గాజులు ఏసుకున్నవని.
ఒక్కటే దెబ్బ.
నేను మర్శిపోయిన.

ఇంకో సంగతి కూడ చెప్పింది:
మొగపిల్లల బాత్రూంకు నువ్వు పోవు,
ఆడపిల్లల దానికి నిన్ను పోనియ్యరు,
అందుకే పొద్దంత నీళ్లు తాగవని.
మీ తాత ఈ ఊరి నీళ్లు తాగి తాగి నడుము వంగి పోయిండు.
నువ్వేమో తాగక.
సాయంత్రం నీ బాటిల్ నిండుగ తిరిగొస్తుంటే
మీ అమ్మ కరేపాకు చెట్టుకు పోస్తుండె.
చెట్టు మంచిగ లేసిందని సంబరపడ్డం.
అది తాగేది నీ దూపని ఎవ్వలకెరుక?

పెద్దసారు కాయితం ముందుకు జరిపిండు.
"పైనుంచి పక్కా రూలేం రాలే.
రిజిస్టర్ల మార్చుడు నా చేతుల లేదు.
స్టాఫ్ బాత్రూం తాళం ఇస్త,
ప్రార్థనకు ఏ వరుసల నిలబడ్తె ఆ వరుసల నిలబడనిస్త.
తండ్రిగ మీ సంతకం ఉంటే నాకు జర బలం."
పేరన్న గడిల ముత్యాలు.
మా నాయినమ్మ పేరు, ఊరి తల్లి పేరు,
మా మేనమామ పేరు కూడ.
దానికి ఏ తిప్పలు లేదు.
పక్క గడి ఖాళీగ ఉన్నది.
మడిసి జేబుల పెట్టుకున్న.
"సోమారం ఇస్త."

గేటు కాడ బండెన్క నిలబడ్డవు.
వచ్చిండు అంటే నువ్వు చిన్నబోతవు,
వచ్చింది అంటే నా నాలుక మెలిపడ్తది.
"తిన్నవా?" అన్న.
"తిన్న" అన్నవు.
"కూసున్నవా?"
"కూసున్న."
కట్టంగూరు రోడ్డెక్కినంక తోచింది:
నీతోని మాట్లాడుతుంటే ఏ తంట లేదు.
నీ గురించి మాట్లాడితేనే.

తెల్లారి మార్కెట్ల
"మా బిడ్డ నిన్న..." అని నోరు జారిన.
కాంట కాడి సాయిలు తల లేపిండు.
"నీకు బిడ్డేడిదే? ఒక్కడే కొడుకాయె!"
అప్పటికే వీపు మీదికి బస్తా వచ్చింది.
మోసెటోణ్ని ఎవ్వలు జవాబు అడగరు.
నడుసుకుంట పోయిన.
జేబుల కాయితానికి నిమ్మవాసన పట్టింది.
సోమారానికి ఇంక రెండొద్దులు.