హారన్ కొట్టినోడు చూసినాడు

ఆ పొద్దు రోడ్డు మీద ఒలికింది నెత్తురు కాదు,
ఊరిబిండి.
పాతూరులో ఆగిన కారు తలుపు
ఉన్నట్టుండి తెరుచుకుంటే
నేనూ, నా సైకిలూ, నాలుగు క్యారియర్లూ
తలా ఒక దిక్కు.
సంగటి ముద్ద ఒకటి దొర్లుకుంటా పోయి
బ్యాంకు మెట్ల కాడ ఆగింది.
"అంచునే కదమ్మా వస్తాంటివి, ఎట్ల తగిలె?"
అనిరి జనాలు.
అంచున ఉన్నందుకే తగిలిందని
అప్పటికి నాకూ తెలీదు.

రుద్రంపేటలో దస్తగిరి అంగడి.
వంకర పోయిన రిమ్మును గిర్రున తిప్పి
పుల్లలు మీటి, చెవి పెట్టి విని అడిగినాడు:
"రోడ్డు మీద యాడ పోతావు నువ్వు?"
"ఓరకు. గోడకు రాసుకున్నట్టు."
"ఎవురు చెప్పినారట్ల పొమ్మని?"

ఎవురు చెప్పలేదని!
బడికి పోయే పొద్దు మా అమ్మ చెప్పె,
పెండ్లి పందిట్లో మా అత్త చెప్పె,
టికెట్ తీసుకున్నంక గూడా
పక్కకు జరగమని కండక్టరు చెప్పె.

దస్తగిరి సుద్దముక్క తీసినాడు.
గ్రీజు మరకల నడుమ
నేల మీద అనంతపురం గీసినాడు.
ఇది కాలవ. ఇది ఇసుక.
ఇది బ్రాందీ షాపు ముందర పగిలిన గాజు.
ఇవి వరసగా ఆగిన కార్లు.
"చెయ్యి చాపు.
ఆ చెయ్యి నీది కాదు, తలుపుది.
అంత ఎడం పెట్టుకొని పో.

కార్ల సందులో దూరి దూరి బయటికి రావద్దు,
దారం లాగినట్టు పో.
వెనకొచ్చేటోడు నిన్ను చదువుకోవల్ల.
నువ్వు అంచుకు ఒదిగేకొద్దీ
సందుందనుకుంటాడు లారీ వాడు.
లేని సందును ఉందని చెప్పేది నువ్వే.
ఇరుకైన చోట నడిమికి రా.
ఆగితే ఆగనీ, తిడితే తిట్టనీ,
తిట్టు తగిలి తోలు లేసినోళ్లను
నేనింతవరకు చూళ్లేదు.
వెడల్పు రాంగానే దోవ ఇయ్యి,
మనకేం రోడ్డు పట్టా ఇయ్యలేదు గదా.

ఎడమకు తిరిగే బస్సుకు ఎడమన మాత్రం దూరద్దు.
అద్దంలో లేనోళ్లు
ఆ డ్రైవరుకు లోకంలోనే లేరు."

"హారన్ కొడితే?" అంటి.
రిమ్ము దించి నవ్వినాడు.
"కొట్టినోడు చూసినాడు లేమ్మా.
కొట్టనోడికి భయపడు."

మొదటి రోజు టవర్ క్లాక్ బ్రిడ్జి ఎక్కుతాంటే
మెడ వెనక వెంట్రుకలకు కూడా కండ్లొచ్చినాయి.
మూరెడు బయటికి వస్తే
ఊరంతా నన్నే చూస్తాందనిపించె.
చూడల్ల. చూసేకే కదా వచ్చింది.
ధర్మవరం బస్సు వెనక బుసకొట్టి
దిగుడులో పెద్దగా చుట్టుకొని దాటిపోయె.
క్యారియర్ మూత గూడా కదల్లేదు.

ఎదురింటి జిలాన్‌కు వాళ్ల మామ
కాళ్లకు కట్టుకునే చక్రాలు తెచ్చిచ్చినాడు.
పిల్లోన్ని దస్తగిరి కాడికే పిలుచుకపోతి.
ఆయన ఒక్కో చక్రాన్నీ బొటనవేలితో తిప్పి
"దీనికి గులకరాయి గూడా కొండే"
అన్నాడు.
నిజమే. కాలు పక్కకు తోస్తే గానీ
ముందుకు పోని చక్రాలవి,
వానికి నాకన్న ఎక్కువ వెడల్పు కావల్ల.
తెల్లారుజామున పీటీసీ గ్రౌండులో ఎంతన్నా తిరుగు,
బ్రిడ్జి దిగుడు కాడ మాత్రం
విప్పి చంకన పెట్టుకొని నడువు అంటిమి.
తలూపినాడు.
విన్నాడో లేదో ఆ చక్రాలకే తెలియల్ల.

మొన్న సప్తగిరి సర్కిల్ కాడ చూస్తును గదా
దస్తగిరే,
పాత హెర్క్యులిస్ మీద
కాలవకు రాసుకుంటా పోతాండాడు.
"ఏందన్నా ఇది?"
సుద్ద అంటిన చేత్తో మొగం తుడుచుకొని
"చెప్పడం వేరు లేమ్మా," అన్నాడు.
"నలభై ఏండ్ల అలవాటు."

నా వెనకాల రా అంటి.
వచ్చినాడు, ఒక గజం దూరంలో,
అడ్డంగా కాదు, నా గీతలోనే.
బ్రిడ్జి మలుపులో చెవులు పగిలేటట్టు హారన్.

"కొట్టినాడు" అన్నాడు వెనక నుంచి,
గొంతు కొంచెం వణికింది.

"చూసినాడు లే అన్నా" అంటి,
తొక్కుతానే.