అతుకు

విశాఖ నుంచి వచ్చినాయన
కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని
"దీన్ని ఎక్కడో చూశానమ్మా" అన్నాడు.

చూసే ఉంటారండీ.
నేనూ చూశాను.

ఆ ఎరుపు నాది కాదు.
శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ పక్క సందులో
దండాసి మాస్టారి రేకుల షెడ్డు.
లారీ వెనక్కి "దూరం" అని రాయగా డబ్బాలో మిగిలిపోయిన ఎరుపు.
రాత్రికి పైన మీగడ కట్టేది.
పొద్దున్నే పుల్లతో చీల్చి, కిందున్నది కలపడం నా పని.
ఆరు నెలలు అక్షరం ఇవ్వలేదు నాకు.
'ఠ' లోపల చుక్క ఒక్కటే పెట్టనిచ్చేవాడు.
"చదవకే. ముందు దాని కడుపులో ఖాళీ ఎంతుందో చూడు."
ఇప్పటికీ నేను చూసేది అదే,
అక్షరాలు మాత్రం ఎప్పుడో రాలిపోయాయి.

ఈ నిలువు గీతలు ఎవరో పరదేశివి.
లైబ్రరీలో ఓ పాత పత్రిక, చెదలు సగం తిన్న పేజీ.
సరిగ్గా పేరున్న చోటే తిన్నాయి.
మూడేళ్లు ఆయన్నే వేశాను, సిగ్గులేకుండా,
తినేసిన సగాన్ని నేనే ఊహించుకుని.
చాలా ఏళ్లకి ఓ పెద్ద పుస్తకంలో మొత్తం బొమ్మ దొరికింది.
ఆ సగంలో ఏమీ లేదు. ఉత్త పసుపు.
నా సగంలోకి అప్పటికే
ఎండాకాలపు నాగావళి వచ్చి కూర్చుంది,
అంత ఇసక, ఇంత నీరు.

సీతంపేట కొండమీద సవరల ఇంట్లో
ఎర్రమట్టి గోడ మీద తెల్లని బొమ్మలు చూశాను.
రెండు రోజులు నిద్రపట్టలేదు.
దాన్ని మాత్రం ముట్టుకోలేదు.
అది వాళ్ల పెద్దలకి కట్టిన ఇల్లు.
గీత ఎత్తుకురావచ్చు,
మొక్కు ఎలా ఎత్తుకొస్తాం?

ఇక ఆ తెలుపు.

పొందూరులో మా మామ్మ, చిన్నమ్మడు,
వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది.
ఆ చేప మా ఊరు ఎరగదు,
మా పత్తి ఏ ఏరూ ఈదలేదు.
అయినా ఆ పళ్ల సందుల్లోంచి రాని పోగు
మా ఇంట్లో ఒక్కటీ లేదు.
"బట్టకి చేప వాసన రాదా?" అనడిగాను చిన్నప్పుడు.
అరటి దొప్పలోంచి ఏకు తీసి నా ముక్కుకి ఆనించింది.
తుమ్మొచ్చింది. అంతే.

సంఘంలో నూలు తూచే గుమస్తా
ఏ చిలప ఎవరిదో చీటీ చూడకుండా చెప్పేవాడు.
"నూలుదేముందమ్మా, అందరిదీ ఒకటే.
అతుకులు చూస్తాను" అనేవాడు.
తెగిన చోట ఒకరు పురి ఎడమకి తిప్పుతారు,
ఒకరు ఉమ్మి తడిచేస్తారు,
మా మామ్మ ఓ క్షణం ఊపిరి బిగబట్టేది.

ఈ బొమ్మ ముందుగా ఆమెకే చూపించాను.
చూపు ఆనదు. బట్ట మీద వేళ్లు నడిపింది,
రాట్నం దగ్గర నడిపినట్టే.
ఎరుపు దాటింది. ఆ పరదేశి గీతలు దాటింది.
కుడివైపు కింద, ఎవరూ చూడని మూల, ఆగింది.

"ఇక్కడ నీకు తెగిపోనాది కదే."

ఆ సాయంత్రం అక్కడ వేస్తుండగానే ఫోనొచ్చింది,
దండాసి మాస్టారు పోయారని.
కుంచె ఎత్తాను.
మళ్లీ దించేసరికి గీత ఓ గోరంత పక్కన మొదలైంది.
దిద్దలేదు.

"అతికినావులే," అంది మామ్మ,
"నాలాగైతే కాదు."
కోపమో, మెచ్చుకోలో
నాకిప్పటికీ తెలీదు.

విశాఖ ఆయనకి ఇదేదీ చెప్పలేదు.
"చూసే ఉంటారండీ" అన్నానంతే.
ఆయన తలాడించి పక్క బొమ్మకి వెళ్లాడు,
మళ్లీ ఎందుకో వెనక్కొచ్చాడు.
కుడివైపు కిందికి వంగి
వేలు చాచబోయి
ఆపుకున్నాడు.