నలభై డిగ్రీల తొట్టి

ఐస్‌లాండ్ పడమటి అంచున
మూడొందల గడపైనా లేని మా ఊళ్ళో
నా పని తువ్వాళ్ళు మడతపెట్టడం,
తడి నేల తుడవడం,
గంటకోసారి నీళ్ళలో థర్మామీటరు ముంచి చూడటం.

భూమి కడుపులోంచి మరిగొచ్చే నీళ్ళు.
పైన మంచు పడుతూనే ఉంటుంది.
మెడదాకా నీళ్ళు, నెత్తిన ఉన్నిటోపీ,
మధ్యలో మొహం ఉండాల్సిన చోట ఆవిరి.
చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ
ఇక్కడ చెప్పేదెవరో వినేదెవరో
తేల్చుకోవడమే కష్టం.

అడుగుతారు.
ఏమైనా అడుగుతారు.
గొర్రె ఒక పక్కకే ఎందుకు తిరుగుతోంది,
గోడలో రాత్రిళ్ళు టిక్కుటిక్కుమనేది పురుగా, పైపా,
పాతికేళ్ళుగా మాట్లాడని అన్నకి
పుట్టినరోజుకి ఏం పంపితే తిప్పి పంపడు.
ఆ చివరిదానికి, చేపల ఫ్యాక్టరీలో పనిచేసే పోలండ్ గొంతు ఒకటి
"తినేది పంపు" అంది.
"తినేశాక ఏం తిప్పి పంపుతాడు?"

జనవరిలో ఒక మంగళవారం
ఈస్లీవుర్ గుప్పిట్లో ఏదో పట్టుకుని దిగాడు.
తొట్టిలోకి సామాన్లు తేకూడదు. బోర్డు ఉంది.
చూడనట్టు నేల తుడిచాను.

"ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఏమిటిది?"

అరచేతంత, ముదురు గోధుమరంగు,
గుండెకాయ గీయబోయి
సగంలో ఎవరో మనసు మార్చుకున్నట్టుంది.
ఆవిర్లోంచి చేతినుంచి చేతికి పోయింది.
రాయి కాదు, తేలుతోందిగా, అన్నారొకరు.
గుర్రం మూత్రపిండం, ఎండినది, అన్నారింకొకరు.
బొత్తామట, ఏ రాక్షసుడి చొక్కాదో.
బడిపిల్ల ఒకతి చెవి దగ్గర ఊపి
"లోపల ఎవరో ఉన్నారు" అంది.

హల్బెరా తొంభయ్యేళ్ళ వేళ్ళతో తడిమింది.
"గింజ. వేడి దేశాల తీగది.
ఏ నదిలోనో రాలి, సముద్రమంతా ఈది, ఇదిగో.
మా అమ్మమ్మ మంత్రసాని. కాన్పు కష్టమైతే
ఆడమనిషి గుప్పిట్లో ఇది పెట్టేది.
ముడి విడిపోయేది."

ఈస్లీవుర్ మాట్లాడలేదు.
నీళ్ళ మోటారు చప్పుడు వినపడేంతసేపు మాట్లాడలేదు.
"ఎవరికి?" అంది పోలండ్ గొంతు, మెల్లిగా.

అప్పుడొచ్చింది, అడగడానికి వచ్చిన అసలు మాట.
కూతురు స్వావా కొండకవతలి ఆసుపత్రిలో ఉంది.
నొప్పులు నిన్నటినుంచి.
కనుమ మూసేశారు, మంచు.
తనని రమ్మనలేదు. రావద్దనీ అనలేదు.
ఆ కుర్రాడి గురించి తను అన్న మాట ఒకటుంది,
ఏడాదిన్నరైంది అని.
"వెళ్తే, నన్ను చూసి గోడవైపు తిరిగితే?"

తలా ఒకటి చెప్పారు.
ఫోన్ చెయ్యి. ఫోన్ మాత్రం చెయ్యకు.
మేజోళ్ళు అల్లించి పంపు, చిన్నవి.
ఇంకో రెండ్రోజులాగు.
ఆగి నేనేం బావుకున్నానో అడుగు, అంది ఎవరిదో ముసలి గొంతు.

ఎవరూ లేరనుకున్న మూలలో
ఒక టోపీ కదిలింది.
మంచు తోసే బండి నడిపే గ్రీముర్.
ఆరేళ్ళుగా వస్తున్నాడు,
గొంతెలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.
"నాలుగింటికి దారి తీస్తాను.
నా నారింజ దీపం వెనకే రా. పక్కలకి చూడకు."

లేచాడు. భుజాలు పొగలు కక్కుతున్నాయి.
ఈస్లీవుర్ ఎంత గాభరాగా వెళ్ళాడంటే
గింజ గట్టుమీదే మర్చిపోయాడు.

హల్బెరాకి తువ్వాలు అందిస్తూ అన్నాను,
"మీ అమ్మమ్మ మంత్రసానా! ఎప్పుడూ చెప్పలేదే."
"చేపలు ఎండబెట్టేది" అంది, వేళ్ళ సందులు తుడుచుకుంటూ.
"గింజ సంగతి నిజమే. ఎక్కడో విన్నాను."

అటు ఏమైందో మాకింకా తెలీదు.
కనుమ మళ్ళీ మూసుకుంది.
గింజ నా సొరుగులో ఉంది,
ఒంటి చేతితొడుగుకీ
ఎవరూ వెతుక్కుంటూ రాని పళ్ళసెట్టుకీ మధ్య.
రాత్రి తలుపులు వేసేముందు
నేనూ చెవి దగ్గర ఊపి చూస్తాను.

నాదీ ఒక ప్రశ్న ఉంది.
పెద్దదేం కాదు.
నిన్ననే ఉన్నిటోపీ కొనుక్కున్నాను.