కొమ్ముచెంబు

రువీ సిగ్నల్ కాడ బండి ఆగినప్పుడల్లా
మీటర్ల నడుమ ఎర్రగ ఓ కొమ్ముచెంబు వెలుగుతదట.
ఎక్సలేటర్ మీద కాలు పెడితే ఆరిపోతదట.
నాసర్ హబ్సీ ఆ మాట
కడుపునొప్పి చెప్పుకున్నట్టు చెప్పిండు,
టాక్సీ బానెట్ మీద అరచెయ్యి ఆనించి
సుర్రుమంటే తీసేసి.

వాది కబీర్ల పగటి ఒంటిగంట.
చుట్టూ గుట్టలు కాలిన పెనం అంచుల లెక్క.
రేకుల కింద పానాలు గూడ
గుడ్డ చుట్టుకొనే పట్టుకోవాలె.

నెల కింద ఈ బండి చాంబర్ దింపి
మళ్ళ బిగించింది నేనే.
అది అప్పుడు చెప్పలే.

గేజ్ పెట్టి చూసిన.
ఇంజన్ చల్లగున్నంతసేపు ముల్లు నిటారుగ లేచింది.
వేడెక్కి, ఆయిల్ చారు లెక్క పల్చబడ్డంక
సున్న కాడ కూలబడ్డది.
పంపు పోయిందన్నడు పక్క షెడ్డు బెంగాలీ.
బేరింగులన్నడు ఇంకొకడు.
పార్టుల షాపాయన అప్పటికే కాల్‌క్యులేటర్ తీసిండు.

ఉస్తాద్ బర్కత్ ఏమనలే.
సియాల్‌కోట్ మనిషి, నలభై ఏండ్ల గ్రీజు గోర్ల కింద.
పంపు పక్కన ఓ బోల్టు దిక్కు
గడ్డంతోటి చూపెట్టిండు.

దాని ఎనుకనే ఉంటది.
టోపీ లాంటి ప్లంజర్, ఆ టోపీల స్ప్రింగు,
చిటికెన వేలంత.
పంపుకు తెలివి లేదు.
ఇంజన్ ఎంత ఉరికితే అంత తోడుతది,
బేరింగులు తాగినా, తాగకున్నా.
ఈ స్ప్రింగు ఆయిల్‌ను నెట్టదు, ఒత్తిడి పుట్టియ్యదు.
ఒక లెక్క దాకా పండ్లు బిగబట్టి కూసుంటది.
లెక్క దాటినంక
దారి ఇస్తది.
ఎక్కువైంది మళ్ళ చాంబర్లకే పడ్తది, చప్పుడు లేకుండ.
తగ్గినంక తలుపు అదే మూసుకుంటది.

హమ్రియాల ఒకడు ముల్లు పెంచనీకని
స్ప్రింగు ఎనుక రెండు వాషర్లు ఏసిండట.
సుమాయిల్ ఎత్తు ఎక్కుతుంటే ఫిల్టర్ పగిలి
రోడ్డు పొడుగునా నల్లగీత.

"మనిషి గూడ గట్లనే కదా ఉస్తాద్" అన్న నేను.
మూడు నెల్ల జీతం రాలే, ఆ వేడి మీద ఉన్న.
"స్ప్రింగు స్ప్రింగే" అన్నడాయన.
"లైటు సక్కగ పట్టు."

బోల్టు తీస్తే ఆయిల్ మోచేతి దాకా కారింది.
స్ప్రింగు కొలిచిన. పొడుగు తగ్గలే.
ప్లంజర్ మాత్రం రాలే.
అయస్కాంతంతోటి గుంజితే సగం వచ్చి, మొరాయించి,
ఆఖరికి ఊడింది.
దాని అంచుకు ఓ సిలికాన్ తునక.
గోరంత లేదు. తలుపు మూతపడకుండ
అదే అడ్డం కూసుంది.

ఎర్రది.
ఈ వాడల అందరూ బూడిదరంగుది పిండుతరు.
ఎర్రది వాడేది నేనొక్కన్నే.
కారొద్దు, కారొద్దనుకుంట
ఆ రోజు సగం ట్యూబు పిండిన.
బయటికి పొంగింది తుడిచిన,
లోపటికి పొంగింది ఎవడు జూస్తడని.

ఉస్తాద్ దాన్ని బొటనవేలి మీద పెట్టుకొని
శానసేపు చూసిండు.
నా దిక్కు చూడలే.
తిట్టినా బాగుండు.

బయట నీడల నాసర్ ఖర్జూరాలు తింటున్నడు,
నాకని రెండు మూత మీద పక్కకు పెట్టి.
పంపుకెంత, కూలికెంత అని
వేళ్ళ మీద లెక్కేసుకుంటున్నట్టుండె.
పోయి నిలబడ్డ.
"హాదా గలత్ మాల్ అనా" అన్న.
నాకొచ్చిన అరబ్బీ అంతే,
అయినా ఇయ్యాల్టికి సరిపోయింది.
నన్ను చూసిండు, తునకను చూసిండు,
"ఇప్పుడు నడుస్తదా?" అని అడిగిండు.

కడిగి, బిగించి, కొత్త ఆయిల్ నా పైసలతోటి పోసి
గంటసేపు ఇంజన్ తిప్పిన.
ముల్లు ఒకటి మీద నిలబడ్డది, జరంత వణుక్కుంట.
చెంబు ఆరింది.

మాపటీలి ఇంకో బండి చాంబర్ కిందికి దూరిన.
చీమల బారంత సన్నగ గీత గీస్తున్న.
తల పక్కన చెప్పులు వచ్చి ఆగినయి.
"ఇంకా సన్నగ" అన్నడు ఉస్తాద్.